ముగ్గురుంటే చాలదా?



మీ పత్రిక గత సంచికలో ‘ది జామ్’ అనే బ్రిటిష్ పంక్ కాలపు సంగీత బృందం మీద వ్యాసం ఆసక్తిగా చదివాను. ముగ్గురే ముగ్గురు, 1977లో తొలి ఆల్బమ్, 1982లో మాంచి ఊపులో ఉండగానే విడిపోవడం, అంతా బాగుంది. కానీ ‘ముగ్గురు మనుషులు, కాసిని వాయిద్యాలు, ఒళ్లంతా కోపం: ఇలాంటిది మనకెక్కడిది’ అన్న ముక్క దగ్గర ఆగిపోయాను.

మాకు బుర్రకథ ఉందండీ! బుర్రకథకుడు షేక్ నాజర్‌ది మా పక్కనే, గుంటూరు జిల్లా పొన్నెకల్లు. 1920లో పుట్టాడు. భుజాన తంబురా, బొటనవేలికి అందెలు. అటొకరు, ఇటొకరు గుమ్మెటలతో. ఒకరు హాస్యం, రెండోవారు రాజకీయం. కథ పాతదే, చురక మాత్రం ఆనాటి దొరలకూ జమీందార్లకూ. కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి రోజుల్లో ఊరూరా తిరిగారు. నిజాం సర్కారు బుర్రకథను నిషేధించిందంటే ఆ ముగ్గురి గొంతు ఎంత దూరం వెళ్లిందో చూడండి. పంక్ వాళ్లకు కనీసం యాంప్లిఫయర్లున్నాయి!

‘పల్నాటి యుద్ధం’ కథ ఆయన చెబుతుంటే అందులోని యువవీరుడు బాలచంద్రుడి ఘట్టం దగ్గర మా నాన్న లేచి నిలబడేవాడట. ‘అగ్గిరాముడు’ (1954) సినిమాలో అల్లూరి సీతారామరాజు కథ చెప్పిన దళం ఆయనదే. 1986లో పద్మశ్రీ ఇచ్చారు, 1997లో పోయాడు.

బ్రిటిష్ బృందాల మీద రాయొద్దనను, నేనూ వింటాను. వచ్చే సంచికలో పొన్నెకల్లుకు రెండు పేజీలు ఇవ్వండి.

– ఒక పాఠకుడు, నరసరావుపేట