ఏ సీమ కాపురమునకు మంచిది?

మా చెల్లెలికి పల్నాటినుండి యొక సంబంధము వచ్చినది. వరుడు విద్యావంతుడు, ఇల్లు స్వంతము. అయినను మా యమ్మగారు “కోనసీమ పిల్లను ఆ రాళ్లలోనికి పంపుదునా!” యని కంట తడిపెట్టిరి.

ఈ నింద క్రొత్తది కాదు. శ్రీనాథుని పేర వాడుకలోనున్న చాటువులలో పల్నాటి జొన్నకూడును, నీటికఱవును పరిహాసము పాలైనవి. సన్నబియ్యము మరగిన కవికి జొన్నకూడు గొంతు దిగకుండుట వింతగాదు. కాని 1967లో నాగార్జునసాగరపు కుడికాలువకు నీరు వదలిన పిదప ఆ నేలలో పెక్కుచోట్ల వరియు, మిరపయు పండుచున్నవి. కాలువ చివరి పల్లెలకు నీరందునా యనునది వేఱు మాట. విచారించి రండని మావారిని కోరితిమి.

కోనసీమమాత్ర మెల్లప్పుడును అన్నపూర్ణయేనా? 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియగుటకు ముందు గోదావరి తీరమును క్షామములు పీడించినవి. 1996 నవంబరు తుపాను నాటికి మేము చిన్నపిల్లలము. తెల్లవారి చూడగా మా పెరటిలో ఒక్క కొబ్బరిచెట్టైనను నిలిచియుండలేదు. ఆ రాత్రిని జ్ఞాపకము చేయగా అమ్మగారు మాటాడరైరి.

సుమతీశతకము నివాసయోగ్యమైన యూరికి ఋణదాతను, వైద్యుని, ఏటిని చెప్పినది. బిందె మోయువారెవరో చెప్పలేదు. ఇంతవరకు చెల్లెలి నడిగినవారు లేరు. నిన్న మేమడిగితిమి. అది కొంత తడవాలోచించి, “అక్కా, వంటయింటిలోనికి కొళాయి యున్నదేమో బావగారిని కనుగొని రమ్మనుము” అన్నది.