నిద్రించు క్రిమి, వలసపోవు రోగి

ఉద్దానమునుండియు చీపురుపల్లి ప్రాంతమునుండియు పొట్టకూటికై చెన్నపట్టణమునకో హైదరాబాదునకో వలసపోవు కూలివానికి క్షయ సోకి, సర్కారువారు ఉచితముగా నిచ్చు బిళ్ళలు మ్రింగ మొదలిడి, మూత్రము నారింజవన్నెకు మారుట చూచి తొలుత బెదరి, పిమ్మట దగ్గు తగ్గి, అన్నము హితవై, రెండు నెలలకే ఒడలు తేరుకొనగా, నయమయ్యెనని తలచి రైలెక్కుట ఆ ప్రాంతములలో క్రొత్త సంగతి కాదు. అతనిని తప్పుపట్టబోను, ఆరు మాసముల చికిత్స ముగియువరకు ఆకలి ఆగదు. కాని రెండవ నెలకును ఆరవ నెలకును నడుమ అతని ఊపిరితిత్తులలో జరుగు పనిని అతనికి విప్పి చెప్పకుండుట మాత్రము మన లోపమే.

ఆ మందులలో ఒకటియై 1952 నుండి వాడుకలోనున్న ఐసోనియాజిడ్ తనంతట తాను విషము కాదు. క్షయక్రిమి తన్ను కాపాడుకొనుటకై ఉంచుకొన్న క్యాటలేజ్-పెరాక్సిడేజ్ అను ఎంజైమే ఆ మందును విషముగా మార్చగా, ఆ విషము క్రిమి గోడకు వలయు మైకోలిక్ ఆమ్లముల తయారీని నిలిపివేయును. కోట్లకొలది క్రిములలో ఏ యొక్కదానియందైన ఆ ఎంజైమునకు మూలమైన జన్యువు చెడెనా, అది తన రక్షణలో కొంత కోల్పోయినను మందు పాలబడదు. తక్కినవి చచ్చిన చోట అదియే సంతానము పెంచుకొనును. పిరజినమైడ్ అను మరియొక క్షయమందు కథయు ఇట్టిదే. పలు మందులు కలిపి యిచ్చుట ఇందులకే: ఒకదానిని తప్పించుకొన్న క్రిమి వేరొకదానికి చిక్కును.

ఇంతకంటె గహనమైనది క్రిమి నిద్ర. పెన్సిలిన్‌లో మునిగియు చావని వేరొక జాతి క్రిములను కొన్నిటిని జోసెఫ్ బిగ్గర్ అను శాస్త్రజ్ఞుడు 1944లో పరిశీలించి, వాని సంతానము మరల ఆ మందునకే లొంగుట చూచి, అవి మందును జయించినవి కావనియు, పెరుగుట మాని యొదిగియున్నవనియు తలచెను. ఆ యొదుగుట ఎట్లన, భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో తోటి శాస్త్రజ్ఞుడైన ఫిస్కేతో గూడి కండరములలో కనుగొన్న ఏటీపీ అను పదార్థమే సూక్ష్మక్రిములకును శక్తి నిచ్చును. అది తరిగిన కణమున అన్ని పనులును మందగించును. కట్టుచున్న గోడను చెరచు మందునకు, కట్టుటయే ఆగిన చోట పని యేమున్నది? దగ్గు తగ్గిన పిమ్మటి నెలలు ఇట్లే నిద్రించు క్షయక్రిములను తుడిచివేయుటకే. నడుమ మానినచో అవి మేల్కొని పెరుగును. పెరుగు ప్రతి తరమునందును జన్యువు చెడుటకు తావు కలుగును.

వలస ఆగదు. చికిత్సయు ఆగనక్కరలేదు: పయనమునకు ముందే ఆశా కార్యకర్తకో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో తెలిపినచో, రోగి పేరు పోవు ఊరి సర్కారు ఆసుపత్రికి బదిలీ యగును, ఆ బిళ్ళలు అచ్చటను ఉచితముగనే యిత్తురు.