సూది మనది, స్క్రూడ్రైవర్ ఎవరిది?

మైపాడు దగ్గర మా అమ్మమ్మ ఇంట్లో ఒక సింగర్ కాలుమిషను ఉంది. ఉప్పుగాలికి దాని ఇనుప కాళ్లు తుప్పు పట్టాయి. నల్లటి తల మీది బంగారు పూలు సగం చెరిగిపోయాయి. తాతయ్య పోయాక అమ్మమ్మ నలుగురు పిల్లల్ని సాకింది ఆ మిషను మీదే. పోయిన ఏడాది దాన్ని మళ్లీ నడపాలనుకున్నాను. తొక్కితే బెల్టు జారుతోంది. నాలుగు కుట్లు పడగానే దారం తెగుతోంది.

ఆటోలో వేసుకుని నెల్లూరు తీసుకెళ్లాను. తమ్ముడు తోడొచ్చాడు. షాపాయన మిషను వంక ఒకసారి చూసి తమ్ముడితో అన్నాడు: "ఏందన్నా, పాత సామాన్లకి వేసేయకుండా దీన్ని మోసుకొచ్చినారు? దీనికి సామాన్లు దొరకవు. కొత్తది కొనియ్యండి, గమ్మునుంటారు."

మిషను నాది, ప్రశ్న నాది, డబ్బూ నాదే. జవాబు మాత్రం తమ్ముడికి! వాడికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.

సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసి, ఇరవై ఏళ్లుగా స్త్రీల శ్రమ గురించి రాస్తున్నదాన్ని నేను. ఆ రోజు షాపాయన మీదకంటే నా మీద నాకే ఎక్కువ కోపం వచ్చింది. కూలి ఎంత, గంటలెన్ని, ఇంటి చాకిరీ ఎంత అని వందల మందిని అడిగాను. పనిముట్టు చెడితే ఎవరు బాగుచేస్తారని ఒక్క ప్రశ్నావళిలోనూ అడగలేదు.

ఇప్పుడు అడిగాను. ఇందుకూరుపేట, విడవలూరు మండలాల తీర గ్రామాల్లో జాకెట్లు కుట్టే స్త్రీల దగ్గర కూర్చున్నాను. "ఇరవై రెండేళ్లుగా కుడుతున్నానక్కా, బాబిను పెట్టె తప్ప ఇంకేదీ విప్పలేదు. మీరు విప్పితే పాడైపోద్దని మెకానిక్ చెప్పినాడు" అందొకామె. మిషను చప్పుడు మారితే పక్కగదిలోంచే పసిగట్టగలదామె. ఆ చెవికి విలువ లేదు, ఆ చేతికి స్క్రూడ్రైవర్ లేదు. పండగ ముందు మిషను ఆగితే రెండు రోజుల సంపాదన ఆటోకీ మెకానిక్కీ పోతుంది, బేరం ఇంకొకరికి పోతుంది.

కుట్టుమిషను మనకు కొత్త దానమేమీ కాదు. 1979లో ట్రైసెం, 1982లో డ్వాక్రా వచ్చాయి. 2023లో వచ్చిన పి.ఎం. విశ్వకర్మ పథకంలో దర్జీలు సహా 18 వృత్తుల వారికి పనిముట్ల కోసం 15 వేల రూపాయల దాకా సాయం ఉంది. ప్రభుత్వమైనా, మన స్వచ్ఛంద సంస్థలైనా, పేద స్త్రీ అనగానే గుర్తొచ్చేది కుట్టుమిషనే. ఫొటో తీస్తాం, రిజిస్టర్లో సంతకం తీసుకుంటాం, నివేదికలో స్వావలంబన అని రాస్తాం. నేను చూసిన శిక్షణ కేంద్రాల్లో కత్తిరింపు నేర్పారు, కుట్టు నేర్పారు. మిషను విప్పడం ఎక్కడా నేర్పలేదు. బాగుచేసే విద్య మగవాడి చేతిలో ఉంచి, నడిపే చాకిరీ స్త్రీకి ఇస్తే అది స్వావలంబన అవుతుందా?

ఈ దానబుద్ధికి పాత మూలాలే ఉన్నాయి. యంత్రాల మీద అనుమానమున్న గాంధీజీ 1924లో 'యంగ్ ఇండియా'లో సింగర్ మిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేతికుట్టు కష్టం చూడలేక, ప్రేమతో సింగర్ దాన్ని కనిపెట్టాడని ఆయన నమ్మకం. సింగర్ జీవితచరిత్ర చెప్పేది వేరు. ఒకరికి తెలియకుండా ఒకరితో ఏకకాలంలో పలు సంసారాలు నడిపిన మనిషి ఆయన. మన కష్టం చూసి మగవాడు కరిగి యంత్రమిచ్చాడనే కథ ఎంత తీయగా ఉంటుందో!

అసలు కథ మిషను మీదే ఉంది. పాత సింగర్ మిషన్ల పీట మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. దాని ముందున్న అక్షరం ఏ ఫ్యాక్టరీదో చెబుతుంది. మా మిషనుకున్న 'వై' అక్షరం స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీది. అదే ఫ్యాక్టరీలో 1911లో పని భారం పెంచినందుకు 12 మంది పాలిష్ పనివాళ్లు, అందరూ స్త్రీలే, పని ఆపారు. వాళ్లకు తోడుగా దాదాపు 11 వేల మంది సమ్మెకు దిగారు. మన ఇళ్లలోని ఈ యంత్రం వెనుక స్త్రీల పోరాటం కూడా ఉంది.

సింగర్ పాత పుస్తకాల ప్రతులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి, ఇంగ్లీషులో. చదివాక తెలిసింది, మాది '15' తరగతి మిషను. ఉషా వంటి మన నల్లతల మిషన్లు ఆ నమూనా మీద తయారైనవే. బాబిను, సూది ఏ బజారులోనైనా దొరుకుతాయి. సామాన్లు దొరకవన్న మాట అబద్ధం. సాగిన తోలు బెల్టును అరంగుళం కత్తిరించి మళ్లీ కొక్కెం వేశాను. దారం బిగించే బిళ్లల మధ్య పేరుకున్న పీచును, ఎప్పుడో పోసిన కొబ్బరినూనె జిగటను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పల్చటి మిషను ఆయిలు వేశాను. సూది తిరగేసి ఉంటే సరిచేశాను. మిషను నడిచింది. ఈ నాలుగు పనుల్లో ఏదీ స్త్రీ చేతికి మించినది కాదు.

ఇంగ్లీషు రాని స్త్రీకి ఈ సంగతులు ఎవరు చెప్పాలి? ఇది సమాచార హక్కు కాదా?

పుస్తకానికున్న బలం నెల్లూరు జిల్లాకు చెప్పనక్కర్లేదు. అక్షరాస్యత తరగతిలోని పాఠం 1990ల మొదట్లో దూబగుంట స్త్రీల చేత సారా దుకాణం మూయించింది. ఉత్తరప్రదేశ్‌లోని బాందాలో మహిళా సమాఖ్య స్త్రీలు 1990ల్లో చేతిపంపులు బాగుచేయడం నేర్చారు. పానా పట్టడం మగపని అన్న మాటను ఊరి నడుమ విప్పి చూపించారు.

కాబట్టి, కార్యకర్తలారా, ఇకపై మిషను ఇస్తే దానితో పాటు స్క్రూడ్రైవర్, ఆయిలు డబ్బా, బొమ్మలున్న తెలుగు పుస్తకం ఇద్దాం. శిక్షణలో మొదటి రోజే మిషను విప్పిద్దాం. ప్రతి మండలంలో ఇద్దరు స్త్రీలనైనా మెకానిక్కులుగా తయారుచేద్దాం. ఆ పుస్తకాన్ని చప్పుడు విని చెడు పసిగట్టే ఆ స్త్రీలతో కలిసి రాద్దాం. అది చేయలేకపోతే నివేదికల్లో స్వావలంబన అన్న మాట రాయడం మానేద్దాం.