లినక్స్‌తో పాటు బూట్‌లోడర్ కూడా నేర్పాలి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0, కొత్త తరం ప్రాసెసర్ లేని కంప్యూటర్లను తుక్కు కింద అమ్మేయనక్కర్లేదని, లినక్స్ వేసుకుంటే మరికొన్నేళ్లు పనిచేస్తాయని చాలామంది సలహా ఇస్తున్నారు. మంచి సలహానే. కానీ విండోస్‌ను ఉంచుకుంటూనే పక్కన లినక్స్ వేసుకుందామనుకున్నవారు ఒక మెట్టు దగ్గర జంకుతారు. అదే బూట్‌లోడర్. ఉన్నది కూడా పోతుందేమోనన్న భయం అక్కడే పుడుతుంది.

మీట నొక్కగానే ముందు మేల్కొనేది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్. పాత కంప్యూటర్లలో అది బయోస్. డిస్కులోని మొదటి 512 బైట్లను చదివి, అక్కడున్న కోడ్‌కు పగ్గాలు అప్పగించేది. అందులో బూట్ కోడ్‌కు దక్కేది 446 బైట్లే. ఇద్దరికి చోటు లేదు కనుక కొత్తగా వచ్చిన సిస్టమ్ పాతదాని కోడ్‌ను చెరిపి కూర్చునేది. మన భయానికి మూలం ఆ రోజుల్లోనే ఉంది.

ఇప్పటి యూఈఎఫ్ఐ పద్ధతి వేరు. డిస్కులో ఫ్యాట్32 పద్ధతిలో ఉండే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఒక్కో సిస్టమ్‌కు ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. ముందు ఎవరి వంతో చెప్పే జాబితా మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. లినక్స్ వేస్తే దాని బూట్‌లోడర్ గ్రబ్ జాబితాలో పైకి వస్తుంది. విండోస్ పేరు కిందికి జరుగుతుందే తప్ప పోదు.

మరి గ్రబ్ మెనూలో విండోస్ కనబడకపోతే? 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను భద్రత కోసం ముందే ఆపి ఉంచుతున్నారు. గ్రబ్ సెట్టింగుల ఫైలులో దాన్ని అనుమతించి, ఉబుంటు, డెబియన్‌లలో అయితే 'అప్‌డేట్-గ్రబ్' ఆదేశం ఇస్తే మెనూ మళ్లీ తయారవుతుంది. మెనూ ఎన్ని సెకన్లు నిలవాలో, ఏ సిస్టమ్ ముందు రావాలో మార్చుకునేదీ ఆ ఫైలులోనే.

ప్రమాదాలు లేవని కాదు. ఈఎఫ్ఐ పార్టిషన్‌ను పొరపాటున ఫార్మాట్ చేస్తే విండోస్ మొదలవదు. బిట్‌లాకర్ ఉన్న యంత్రం బూట్ క్రమం మారగానే రికవరీ కీ అడగవచ్చు. కాబట్టి ఫైళ్ల బ్యాకప్, ఆ కీ, ఒక లైవ్ యూఎస్‌బీ ముందే సిద్ధం చేసుకోవాలి.

ఇదంతా ఇన్‌స్టాలరే చూసుకుంటుంది కదా, మనకెందుకంటారు కొందరు. 2024 ఆగస్టులో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. లోపాలున్న పాత బూట్‌లోడర్లను అడ్డుకోవడానికి వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్, కొన్ని డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లినక్స్‌నే మొదలవకుండా చేసింది. సంతకం సరిచూసుకున్నాకే బూట్‌లోడర్‌ను నడవనిచ్చే సెక్యూర్ బూట్ సంగతి తెలిసినవారు దాన్ని తాత్కాలికంగా ఆపి, కొత్త నిషేధాన్ని తొలగించి, తిరిగి ఆన్ చేసుకున్నారు. తెలియనివారికి లినక్స్ పాడైపోయిందనే అనిపించి ఉంటుంది.

మన దేశంలో లినక్స్‌కు కొరత లేదు. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ ఉంది. ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే కేంద్ర విధానం 2015లోనే వచ్చింది. కేరళ బడుల్లో ఐటీ పాఠాలు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. తెలుగు రాష్ట్రాల కళాశాలల్లోనూ లినక్స్ ఆదేశాలు నేర్పుతున్నారు. వాటితో పాటు ప్రయోగశాలలో ఒక్క పూట దీనికీ కేటాయించాలి. వర్చువల్ మెషీన్‌లో విద్యార్థి చేతే బూట్‌లోడర్‌ను చెడగొట్టించి, మళ్లీ బాగుచేయించాలి. పోయేదేమీ ఉండదు. ఒకసారి చేత్తో బాగుచేసినవారు ఖాళీ తెరను చూసి కంప్యూటర్‌ను తుక్కువాడికి ఇచ్చేయరు.