ఈదిన చేతులకు తిమ్మిరెందుకు?

పిల్లలూ! వేసవి సెలవులు వచ్చాయంటే చెరువులూ, కాలవలూ, బావులూ మీ కేకలతో మారుమోగిపోతాయి. అలా గంటసేపు ఈది గట్టెక్కాక మీలో కొందరికి చేతివేళ్ళు జివజివలాడతాయి, చీమలు పాకుతున్నట్టుంటుంది. "తిమ్మిరెక్కింది" అంటారు. చేతులు నాలుగుసార్లు విదిలించి ఆ సంగతి మరిచిపోతారు. కాని ఆ తిమ్మిరి మీ నరాలు పంపే కబురు. అది ఎప్పుడు వచ్చిందో, ఏ వేలికి వచ్చిందో గమనిస్తే ఎందుకు వచ్చిందో చాలావరకు తెలుస్తుంది.

మొదటి కారణం చలి. మన ఒంటివేడి సుమారు 37 డిగ్రీలు. మనం ఈదే నీరు అంతకన్న చల్లగా వుంటుంది. పైగా వేడిని లాగేసే గుణం గాలికన్న నీటికి సుమారు 25 రెట్లు ఎక్కువ. అందుచేత గుండె మొదలైన లోపలి అవయవాలు చల్లబడకుండా మన శరీరం వేళ్ళకు పోయే రక్తనాళాలను ముడుచుకునేట్టు చేస్తుంది. అప్పుడు వేళ్ళు పాలిపోయి మొద్దుబారతాయి. ఒళ్ళు తుడుచుకుని ఎండలో నిలబడితే నాళాలు మళ్ళీ తెరుచుకుంటాయి. రక్తం తిరిగి వచ్చేటప్పుడు వేళ్ళు జివజివలాడతాయి. దీనికి భయపడనక్కర లేదు. అయితే కొందరికి కొద్దిపాటి చలికే వేళ్ళు తెల్లబడి, నీలమై, తరవాత ఎర్రబడతాయి. మోరీస్ రేనో అనే ఫ్రెంచి వైద్యుడు 1862లో దీన్ని వివరించాడు. అటువంటివారు వైద్యునికి చూపించుకోవాలి.

రెండవ కారణం నరం నొక్కుకోవడం. మోచెయ్యి గోడకు తగిలితే చిటికెనవేలిదాకా జిల్లుమంటుంది గదా! అక్కడ వున్న నరం నలిగితే చిటికెనవేలూ, దాని పక్క వేలూ తిమ్మిరెక్కుతాయి. బారలు వేసి ఈదేటప్పుడు చేతులు పదే పదే తలపైకి ఎత్తుతాం. అప్పుడు మెడ నుంచి చేతికి వచ్చే నరాలు భుజం దగ్గర నలగవచ్చు. ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇస్తే సాధారణంగా తగ్గుతుంది. తగ్గకపోయినా, చేతిపట్టు సడలినా పెద్దవాళ్ళకు చెప్పండి.

మూడవ కారణం ఊపిరి. జాగ్రత్తగా వినవలసింది దీని సంగతే. నీళ్ళలో ఎవరు ఎక్కువసేపు మునిగి వుంటారో అని పిల్లలు పందెం వేసుకుంటారు. మునగబోయే ముందు ఒక కుర్రవాడు గబగబా ఇరవై ముప్పైసార్లు ఊపిరి పీల్చి వదులుతాడు. వేళ్ళూ పెదవులూ తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. బోలెడు ప్రాణవాయువు నిలవ చేసుకున్నానని వాడు సంబరపడతాడు.

అది పొరపాటు. మామూలుగానే మన రక్తం ప్రాణవాయువుతో దాదాపు నిండి వుంటుంది. ఎంత పీల్చినా అది పెద్దగా పెరగదు. తగ్గిపోయేదల్లా బొగ్గుపులుసు వాయువు. అది మరీ తగ్గితే రక్తంలో పులుపు గుణం తగ్గి, నరాలు ఊరికే ఉలిక్కిపడతాయి. ఆ తిమ్మిరి అదే.

"ఇక చాలు, పైకి వచ్చి ఊపిరి పీల్చు!" అని మనను తొందరపెట్టేది ముఖ్యంగా ఈ బొగ్గుపులుసు వాయువే. దాన్ని ముందే ఊదేసి మునగడమంటే కావలివాణ్ణి పంపేసి తలుపులు తెరిచి నిద్రపోవడమే. లోపల ప్రాణవాయువు అయిపోతున్నా ఊపిరి పీల్చాలని అనిపించదు. ఉన్నట్టుండి స్పృహ పోతుంది. గట్టుమీద వున్నవాళ్ళు మాత్రం, "వీడే గెలిచేట్టున్నాడు!" అనుకుంటూ వుంటారు. ఆల్బర్ట్ క్రేగ్ అనే అమెరికా వైద్యుడు 1961లో ఇటువంటి ప్రమాదాలను గురించి రాశాడు. వాటిలో చిక్కుకున్నది ఈత రానివాళ్ళు కాదు, బాగా వచ్చినవాళ్ళే!

కాబట్టి పిల్లలూ, మునిగే పందాలు మానండి. నీటిలో దిగేముందు గబగబా ఊపిరి తియ్యకండి. ఎప్పుడైనా అలా తీసి వేళ్ళు తిమ్మిరెక్కితే నీటికి దూరంగా కూర్చుని, ఊపిరి మామూలయ్యేదాకా ఆగండి. ఈత ఎంత బాగా వచ్చినా, గట్టుమీద ఈత వచ్చిన పెద్దవారు లేనిదే దిగకండి. పెద్దలారా, గట్టుమీద కూర్చుని కబుర్లలో పడకండి. నీటిలో మునిగిన పిల్లవాడు మళ్ళీ పైకి తేలేదాకా చూపు అటే వుంచండి.