లవము, హారము

ఫలానా గ్రామమున నలువదిమందికి వాంతిభేదులు పట్టుకొనెనని వార్త వచ్చును. చదివినవారు అయ్యో యందురు. అధికారులు మందుల పెట్టె పంపుదురు. ఆ నలువదిమంది యెందరిలో నని యడుగువారు మాత్రము అరుదు. హారము లేని లవము భిన్నము కాదని బడిపిల్లవానికిని దెలియును. రోగముల విషయమున మనమా పాఠమును మరచితిమి.

నారాయణఖేడు ప్రాంతమందలి కల్హేరునే తీసికొందము. ఊరిలో 4,000 మందియు, దాపుననున్న తండాలో 300 మందియు గలరనియు, ఒకే వారమున ఊరిలో 40 మంది, తండాలో 15 మంది జబ్బుపడిరనియు ననుకొందము. (ఇవి మేము కల్పించిన యంకెలు; ఆ యూరివారు కలవరపడ నక్కరలేదు.) వైద్యుని బండి యెటు పోవును? నలువది పెద్దసంఖ్య గనుక ఊరికే పోవును. కాని ఊరిలో జబ్బుపడినవారు నూటికి ఒక్కరు. తండాలో నూటికి అయిదుగురు. హారము నడుగనందున తండా నష్టపోయినది.

ఇంకొక యడుగు వేయుదము. తండాలో 100 మంది దిగుడుబావి నీరును, 200 మంది బోరింగు నీరును త్రాగుదురు. బావినీరు త్రాగినవారిలో 12 మంది, తక్కినవారిలో ముగ్గురు పడిరి. నూటికి పండ్రెండు, నూటికి ఒకటిన్నర: ముప్పు ఎనిమిదింతలు. క్రిమిని కంట జూడకయే బావిని శంకింపవచ్చును. 1854లో లండనునందు జాన్ స్నో రెండు కంపెనీల నీటిని వాడు ఇండ్లలో కలరా మరణములను వేర్వేరుగ లెక్కించి చూపినది ఇట్టిదే. కాఖ్ కలకత్తాలో కలరా క్రిమిని వేరుచేసినది 1884లో. అయితే ‘ఎనిమిదింతలు’ అను మాట మావంటి పత్రికలవారికి మిక్కిలి రుచించును. పాఠకులు జాగ్రత్త పడవలెను. లక్షకు ఒకటి యెనిమిదైనను ఎనిమిదింతలే. ఎన్నింతలని యడిగిన పిదప, నూటికెందరు అధికమనియు నడుగవలయును. ఇచ్చట పదిన్నర.

క్రొత్తగ రోగము పుట్టుట వేఱు, రోగులు ఉండుట వేఱు. మొదటిదానిని ఇన్సిడెన్సనియు, రెండవదానిని ప్రివలెన్సనియు వైద్యులందురు. కల్హేరువారికి నిజాంసాగరము దూరము కాదు గనుక వారికిది సులభముగ బోధపడును. మంజీర తెచ్చు నీరొకటి, చెరువున నిలిచిన నీరొకటి. రోగమునకు తూములు రెండు: స్వస్థత, మరణము. మరణమను తూమును మూసిన మట్టము పెరుగును. ఎయిడ్స్ వ్యాధికి 2004 నుండి ప్రభుత్వము ఉచితముగ నిచ్చుచున్న మందులు రోగుల నాయువు పొడిగించినవి. అంతమాత్రమున, రోగులు మిగిలియున్నారని మందును నిందింతుమా?

ఆసుపత్రి పుస్తకము చెరువంతటిని చూపదు. కల్హేరునకు పొరుగుననున్న కామారెడ్డిజిల్లాలోను, జనగామ, నల్లగొండ జిల్లాలలోను 2020లో జాతీయ పోషకాహార సంస్థవారు కరోనాకై రక్తపరీక్షలు జరిపిరి. మే నెలలో నూటికి ఒక్కరికన్న తక్కువమందిలో కనబడిన సోకుడు గుర్తు, డిసెంబరునాటికి దాదాపు నాలుగవవంతు మందిలో కనబడెను. వీరిలో పెక్కుమంది రోగుల పట్టీ కెక్కనివారే. ఆ పట్టీనే హారముగ గొన్నచో ఆ జాడ్యము మిక్కిలి ప్రాణాంతకముగ దోచును. సోకినవారినందఱిని గొన్నచో అంతగ దోచదు. చనిపోయినవారిలోనైన లెక్క సరియా? అదియు లేదు. 2020లో దేశమున నమోదైన మరణములలో వైద్యులు కారణము ధ్రువపరచినవి నూటికి 22.5 మాత్రమే. పల్లెలో ‘జ్వరముతో పోయెను’ అనుటతో విచారణ ముగియును.

ప్రభుత్వమువారిని మేము కోరునది గొప్ప యాసుపత్రి కాదు. కల్హేరువంటి ప్రతి మండలమునందును వారమునకొకసారి రోగుల సంఖ్యను, దాని ప్రక్కన జనసంఖ్యను, ఏ తేదీనుండి ఏ తేదీవరకో ఆ గడువును వ్రాసి పంచాయతీ గోడకు అంటింపవలయును. క్రొత్త రోగులను పాతవారితో కలుపరాదు. తండాల లెక్కను ఊరి లెక్కలో ముంచివేయక వేఱుగ జూపవలయును. కాగితము ఒక్కటి, కలము ఒక్కటి చాలును. దీనికి నిధులు లేవన్న జవాబును మేము అంగీకరింపము.