పిల్లల సవాళ్ళకు మన దస్తర్‌ఖాన్ మీద జాగా ఉందా?

మన ఇళ్ళల్లో పిల్లలకు దీన్ నేర్పించే పనిని ఎవరో ఒకరికి అప్పజెప్పేస్తాం. ఊళ్ళో ఉంటే మస్జిద్‌లో హజ్రత్ దగ్గరికి పంపుతాం. దుబాయ్‌లోనో షికాగోలోనో ఉంటే ఆన్‌లైన్ ఉస్తాద్‌ని మాట్లాడుకుంటాం. నెలనెలా ఫీజు కట్టాం, ఖుర్ఆన్ ఖతం చేయించాం, నలుగురికీ దావత్ ఇచ్చాం, ఇక మన జిమ్మేదారీ తీరిపోయింది అనుకుంటాం. ఇది చాలదని నా అభిప్రాయం. నాకీ అభిప్రాయం గట్టిపడింది దుబాయ్‌లో మా పై అంతస్తులో ఉన్న ఓ యూదు కుటుంబాన్ని చూశాక. యూదులనగానే కొందరికి కోపం వస్తుందని తెలుసు. ఆ మాటా చెప్తాను, కాస్త సబర్ చేయండి.

వాళ్ళు దక్షిణాఫ్రికా నుంచి ఉద్యోగం మీద వచ్చినవాళ్ళు. ముగ్గురు పిల్లలు. చిన్నోడూ మావాడూ ఒకే స్కూల్ బస్సు. 2020లో యూఏఈకి, ఇజ్రాయెల్‌కి ఒప్పందం కుదరకముందు కూడా దుబాయ్‌లో యూదులు ఉండేవాళ్ళు, కానీ వాళ్ళ ఇబాదత్ గుట్టుగా సాగేది. 2023లో అబూదబీలోని సాదియాత్ దీవిలో మస్జిద్, చర్చి, సినగాగ్ మూడూ ఒకే ఆవరణలో తెరిచారు. ఆ సినగాగ్‌కి పెట్టింది మూసా బిన్ మైమూన్ పేరు. ఖుర్తుబాలో పుట్టి, కైరోలో సలాహుద్దీన్ అయ్యూబీ వజీర్‌కి హకీంగా పనిచేసి, అరబీలో కితాబులు రాసిన యూదు ఆలిం ఆయన. మన తారీఖ్‌లో వాళ్ళు ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళు కాదన్నమాట.

వాళ్ళకు ఫిబ్రవరి, మార్చి నుంచి జూన్ దాకా ఊపిరాడని కాలం. ముందు పూరీం వస్తుంది. దానికి ముందురోజు తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఉపవాసం. పండగనాడు పిల్లలు రకరకాల వేషాలు వేసుకుంటారు. తమ కౌమ్‌ని ఖతం చేయాలనుకున్న హామాన్ అనే వజీర్ కథ చదువుతుంటే, ఆ పేరు వినబడినప్పుడల్లా గిలకలు ఊపి గోల చేస్తారు. ఆ రోజు కనీసం ఇద్దరు పేదలకు ఇవ్వాలి, కనీసం ఒక దోస్తుకైనా రెండు రకాల తినుబండారాలు పంపాలి. ఓ ఏడాది ఆ పళ్ళెం మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ ఖాళీ పళ్ళెం తిరిగి పంపడమేంటని ఖర్జూరాలు నింపి పంపింది. మన ఊళ్ళో రంజాన్ పళ్ళేలు నడిచేదీ ఇట్లాగే కదా.

ఆ తర్వాత పెసహ్. మూసా అలైహిస్సలాం బనీ ఇస్రాయీల్‌ని ఫిరౌన్ గులామీ నుంచి బయటికి తీసుకొచ్చిన యాదిలో చేసుకునే పండగ. దీనికోసం ఇల్లు దులపడం చూస్తే, రంజాన్‌కు ముందు మనం సున్నాలేసి పరదాలు ఉతికేది ఓ లెక్కలోకి రాదు. గోధుమ, బార్లీ లాంటి ఐదు ధాన్యాలతో చేసి పులిసిన పదార్థం నలుసంత కూడా ఇంట్లో ఉండకూడదు. కారు సీట్ల కింద బిస్కెట్ పొడి, స్కూల్ బ్యాగుల అడుగున రొట్టె ముక్క, బొమ్మల మధ్య రాలిన నూక, అన్నీ వెతుకుతారు. పండగ ముందు రాత్రి కొవ్వొత్తి, ఈక పట్టుకుని పిల్లలే ఇల్లంతా గాలిస్తారు. దొరికింది తెల్లారి కాల్చేస్తారు. పండగన్నాళ్ళూ రొట్టెకు బదులు మత్సా అనే పులియని పలచని రొట్టె. పిండిలో నీళ్ళు పడ్డాక పద్దెనిమిది నిమిషాల లోపు పొయ్యిలోకి వెళ్ళకపోతే అది పనికిరాదు.

పర్దేస్‌లో ఇదంతా తేలిక కాదు. స్కూలు సెలవులు వాళ్ళ పండగ చూసి రావు. లంచ్ బాక్సులో శాండ్‌విచ్ పెట్టడానికి లేదు. వాళ్ళ చిన్నోడు ఓ దోస్తు బర్త్‌డే కేకు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడని, బస్సు దిగాక ఏడ్చాడని మావాడు వచ్చి చెప్పాడు. యూరప్ నుంచి వచ్చిన యూదుల్లో చాలామంది ఆ రోజుల్లో బియ్యం, పప్పులు కూడా ముట్టరు. అరబ్ దేశాల నుంచి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అన్నం తింటారు. పై అంతస్తు వాళ్ళు మొదటి రకం. బిర్యానీ లేకుండా ఎనిమిది రోజులా అని మావాడు హైరాన్ అయిపోయాడు. జెలటిన్ ఉందేమోనని చాక్లెట్ కాగితం తిప్పి తిప్పి చదివే మన పిల్లలకు ఆ చిన్నోడి బాధ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక చాంద్ లెక్క. వాళ్ళ నెలలూ చంద్రుడివే. కానీ పెసహ్ వసంతంలోనే రావాలి కాబట్టి పందొమ్మిదేళ్ళలో ఏడుసార్లు ఓ నెల అదనంగా కలుపుతారు. మన తెలుగు పంచాంగంలో అధికమాసం లాంటిదే. 2023లో అధిక శ్రావణం వచ్చింది, వాళ్ళకు 2024లో అదార్ నెల రెండుసార్లు వచ్చింది. మన హిజ్రీలో ఆ కలుపుడు లేదు కాబట్టే రంజాన్ అన్ని కాలాలూ తిరుగుతుంది. ఇంకో సంగతి. ఇజ్రాయెల్‌లో పెసహ్ ఏడు రోజులైతే బయటి దేశాల్లో సంప్రదాయం పాటించేవాళ్ళకు ఎనిమిది. పూర్వం జెరూసలేంలో నెలవంక గవాహీ తీసుకుని, ఆ కబురు దూరదేశాలకు మనుషులతో పంపేవాళ్ళు. కబురు అందక తారీఖు ఏదో షక్ ఉన్నచోట రెండు రోజులు చేసుకునేవాళ్ళు. తర్వాత లెక్కతోనే క్యాలెండర్ స్థిరపడింది, షక్ పోయింది, రెండో రోజు మాత్రం మిగిలిపోయింది. చాంద్ కనబడిందా లేదా అని ఇరవైతొమ్మిదో రాత్రి ఫోన్లు పట్టుకుని కూర్చునే మనకు ఇది అర్థం కాని విషయమా?

2023 ఏప్రిల్ 5న వాళ్ళ పెసహ్ మొదటి రాత్రి, మనకు రంజాన్ నడుస్తోంది. మేము మగ్రిబ్ కోసం పొద్దు చూస్తున్నాం, పైన వాళ్ళు చుక్కలు పొడిచేదాకా ఎదురుచూస్తున్నారు. మగ్రిబ్ చదువుకుని ఇషా వరకు వాళ్ళింట్లో కూర్చున్నాం. మాకు ద్రాక్ష రసం పోశారు. పళ్ళెంలో చేదు ఆకు, ఉప్పునీళ్ళు, ఆపిల్‌నీ గింజల్నీ నూరిన ముద్ద. ఆ ముద్ద ఫిరౌన్ కోసం గులాములు ఇటుకలు పేర్చిన అడుసుకు గుర్తట. అప్పుడు అందరికంటే చిన్నోడు లేచి అడగాలి. రోజూ తినే రొట్టె ఇవాళ ఏది, చేదు ఎందుకు తింటున్నాం, ఆకు ఎందుకు ముంచుతున్నాం, ఎందుకు ఇట్లా వాలి కూర్చున్నాం అని నాలుగు సవాళ్ళు. వాడు అడిగాకే తండ్రి ఖిస్సా మొదలుపెడతాడు. ఇంట్లో పిల్లలు లేకపోతే పెద్దవాళ్ళు అడగాలి, ఒక్కడే ఉంటే తనను తానే అడుక్కోవాలి. వాళ్ళ కితాబులో నాలుగు రకాల కొడుకుల మాట వస్తుంది. తెలివైనవాడు, ఎదురు తిరిగేవాడు, అమాయకుడు, అసలు అడగడమే రానివాడు. నాలుగోవాడికి పెద్దలే నోరు విప్పి మొదలుపెట్టాలి. ఎదురు తిరిగేవాణ్ణి గట్టిగా మందలిస్తారు, అయినా దస్తర్‌ఖాన్ దగ్గర నుంచి లేపరు. వాళ్ళ పదమూడేళ్ళ పిల్ల ఆ రాత్రంతా మూతి ముడుచుకునే కూర్చుంది. ఎవరూ ఏమీ అనలేదు.

మరి మన దగ్గర? మూసా నబీ ఖిస్సా మనది కాదా? ముహర్రం పదో తారీఖు రోజా ఆ విమోచన యాదిలోదే కదా. మదీనా యూదులు ఆ రోజా ఉండటం చూసి, మూసాపై మనకే ఎక్కువ హక్కుందని రసూలుల్లాహ్ చెప్పిన సంగతి హదీసుల్లో ఉంది. మన ఎన్ని ఇళ్ళల్లో ఆషూరా సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి ఆ కథ చెప్తున్నాం? పిల్లాడు “అబ్బా, రోజా ఎందుకు?” అంటే “అట్లా అడగకూడదు, గునాహ్” అంటాం. వాడు రెండోసారి అడగడు. పదిహేనేళ్ళకు ఆ సవాల్‌ని ఫోన్‌లో ఎవరినో అడుగుతాడు. జవాబు ఎవడిస్తాడో మనకు తెలియదు.

ఇప్పుడు మొదట ఆపిన మాట. గాజాలో పసిపిల్లల జనాజాలు చూసిన కళ్ళతో యూదుల ఇంటి దస్తర్‌ఖాన్‌ని పొగుడుతావా అని అడగొచ్చు. గాజాలో జరిగింది జుల్మ్. ఆ మాట అనడానికి నాకు జంకు లేదు. 2023 అక్టోబరు 7న ఇళ్ళల్లో చంపబడ్డ మామూలు మనుషుల విషయంలో జరిగిందీ జుల్మే. కానీ మా పై అంతస్తు పిల్లలు ఏ బాంబు వేశారు? ఆ అక్టోబరు తర్వాత ఆ ఆడపిల్ల మెడలోని నక్షత్రం బిళ్ళ తీసేసింది. చిన్నోడు తన చిన్న టోపీ మీద క్రికెట్ టోపీ పెట్టుకునేవాడు. 2024 నవంబరులో, దుబాయ్‌లో కోషర్ కిరాణా దుకాణం నడుపుతున్న ఓ యువ రబ్బీని ఎత్తుకెళ్ళి చంపేశారు. 2025 మార్చిలో అబూదబీ కోర్టు ముగ్గురికి మరణశిక్ష వేసింది. ఎక్కడో పేలుడు జరిగితే ఇక్కడ మనల్ని జవాబు అడుగుతారు. క్రికెట్ మ్యాచ్ నాడు మన వఫాదారీ తూస్తారు. 2022లో కర్ణాటకలో హిజాబ్ వేసుకున్న బిడ్డలు కాలేజీ గేటు దగ్గర ఆగిపోవడం చూశాం. ఒక హుకూమత్ చేసిన పనికి ఓ ఇంటి పిల్లల్ని దోషులు చేయడం ఎంత నాఇన్సాఫీయో మనకంటే బాగా ఎవరికి తెలుసు? పడోసీ హక్కు మజ్‌హబ్ అడిగి ఇచ్చేది కాదు.

ప్రపంచం మొత్తంలో యూదులు కోటిన్నర పైచిలుకు. రెండువేల ఏళ్ళు దేశదేశాలు తిరిగినా వాళ్ళ దీన్ నిలబడిందంటే, ఇంట్లో అమ్మానాన్నలు ఆ పని ఇంకొకరికి పూర్తిగా వదిలేయకపోవడం ఓ పెద్ద కారణమని నేను నమ్ముతాను. పెసహ్ రెండో రాత్రి నుంచి నలభైతొమ్మిది రాత్రులు, తౌరాత్ అందిన పండగ దాకా, రోజుకో అంకె చదువుతూ లెక్కపెడతారు. ఆ ఇంట్లో ఫ్రిజ్ మీద చార్టు ఉండేది, చిన్నోడు రోజూ ఓ గడి రంగుతో నింపేవాడు. పెద్ద ఖర్చేమీ లేదు, రోజుకు ఒక్క నిమిషం.

మనమూ చేయగలం. ఇఫ్తార్‌కు పావుగంట ముందు టీవీ ఆపేయండి. ఇంట్లో అందరికంటే చిన్న బిడ్డకు ఒక సవాల్ అడిగే హక్కు ఇవ్వండి. వాడికి ఉర్దూ రాకపోతే తెలుగులో చెప్పండి, తెలుగూ రాకపోతే వాడికొచ్చిన భాషలో చెప్పండి. జవాబు తెలియకపోతే “రేపు హజ్రత్‌ని ఇద్దరం కలిసి అడుగుదాం” అనండి, మర్నాడు తప్పకుండా తీసుకెళ్ళండి. ఈ ఆషూరాకి మూసా ఖిస్సా ఫోన్ చూసి కాకుండా మీ నోటితో చెప్పండి. ఉస్తాద్ ఖాయిదా నేర్పిస్తాడు. అది మన ఇంటి మాట ఎందుకయిందో బిడ్డకు చెప్పాల్సింది మనమే.